‘సమ్మతి’ని శరీరంలో వెదికిన చరిత్ర



ఇంతవరకు మనం రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, పిల్లల టీకాలు వంటి విషయాలు ముచ్చటించుకుంటూ వచ్చాము. ఈసారి ఎంచుకున్న విషయం కొందరికి ఇబ్బందిగా తోచవచ్చు. అయినా ఇదీ ఆరోగ్యానికి సంబంధించినదే. స్త్రీ పురుష సంబంధంలో ‘సమ్మతి’ అనే మాటకు మన దేశంలో నూట అరవై ఏళ్ళుగా ఎవరు ఏ అర్థం చెప్పారు, ఆ అర్థాన్ని స్థిరపరచడంలో మా వైద్యవృత్తి ఏ పాత్ర వహించింది అన్నది నేటి వ్యాస విషయం. ఇది రాయడానికి నాకు ఒక స్వంత కారణం కూడా ఉన్నది. ముందుగా దానిని చెబుతాను.

1980ల తొలి రోజులు. నేను ఒక తాలూకా ఆసుపత్రిలో అసిస్టెంట్ సర్జనుగా పనిచేస్తున్నాను. మహిళా వైద్యురాలు లేని ఆసుపత్రి అది. ఒక సాయంత్రం కానిస్టేబులు ఒక వ్యవసాయ కూలీ అమ్మాయిని, ఆమె తల్లిని వెంటబెట్టుకొని, పోలీసు వారి లేఖతో వచ్చాడు. ఊడ్పుల పనికి కూలీలను పిలిచే మేస్త్రీ మీద ఫిర్యాదు. కళాశాలలో నేర్పిన విధంగానే పరీక్ష చేశాను. గాయాలు ఉన్నాయేమో చూశాను, లేవు. వయసు నిర్ధారణకు ఎక్స్-రే తీయించాను. పదిహేడు పైబడినట్టు ఎముకలు చెప్పాయి. ఆ తరువాత, అప్పటి పాఠ్యగ్రంథాలు చెప్పినట్టే, రెండు వేళ్ళ పరీక్ష చేశాను. సర్టిఫికెట్‌లో ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాను. తెలుగులో వాటి అర్థం ఇది: రెండు వేళ్ళు సులువుగా ప్రవేశిస్తున్నవి; ఈమె సంభోగానికి అలవాటు పడినది.

పరీక్ష జరుగుతుండగా ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి ఒక్క మాటన్నది. “వద్దని చెప్పానండీ.” ఆ మాట నేను విన్నాను, కానీ రాయలేదు. దానిని రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. రాయాలన్న ఆలోచన నాకూ రాలేదు.

కొన్ని నెలల తరువాత కోర్టులో ముద్దాయి తరఫు న్యాయవాది నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. “గాయాలు లేవు కదా, డాక్టరుగారూ?” లేవన్నాను. “అలవాటు పడిన స్త్రీ అని మీరే రాశారు కదా?” రాశానన్నాను. కేసు కొట్టివేశారు. ఆ మేస్త్రీ మరుసటి పంటకు మళ్ళీ కూలీలను పిలిచే ఉంటాడు.

అప్పుడు నేను తప్పు చేశానని అనుకోలేదు. ఉద్యోగ ధర్మం నెరవేర్చాననే అనుకున్నాను. అది ఎంత పాత పొరపాటో, దాని వేళ్ళు ఎంత లోతుకు వెళ్ళాయో పదవీ విరమణ చేసి చరిత్ర చదవడం మొదలుపెట్టిన తరువాత గాని నాకు బోధపడలేదు.

పదేళ్ళ గీత

బ్రిటిషు పాలకులు 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలో సమ్మతి వయస్సును పది సంవత్సరాలుగా నిర్ణయించారు. పదేళ్ళు నిండిన భార్యతో భర్త చేసే సంభోగం, ఆమె ఇష్టానికి విరుద్ధమైనా సరే, అత్యాచారం కాదన్నది ఆ చట్టం. అనగా పదేళ్ళ పిల్లకు ‘సరే’ అనే సామర్థ్యం ఉన్నదని చట్టం నమ్మింది; పెళ్ళయితే ‘వద్దు’ అనే హక్కు మాత్రం ఆమెకు ఇవ్వలేదు.

ఈ ఆలోచన మన శాస్త్రాలలో పుట్టినది కాదు. పదిహేడవ శతాబ్దికి చెందిన ఇంగ్లండు న్యాయమూర్తి మాథ్యూ హేల్ రాసిన గ్రంథం, ఆయన మరణానంతరం 1736లో అచ్చయింది. వివాహంతో భార్య తనను తాను భర్తకు ఒప్పగించుకున్నది గనుక ఆ సమ్మతిని వెనక్కు తీసుకోలేదని ఆయన అందులో రాశారు. ఆ సూత్రమే ఓడలెక్కి ఇక్కడికి వచ్చి మన బాల్యవివాహ ఆచారంతో కలిసింది. రెండు దేశాల పురుషాధిక్యం ఒకదానికొకటి తోడైంది.

దాని ఫలితం 1890లో కలకత్తాలో అందరి కళ్ళకూ కట్టింది. ఫుల్మణి దాసి అనే పది పదకొండేళ్ళ బాలిక, ముప్పై దాటిన భర్త హరిమోహన్ మైతీ చేసిన పనికి జననాంగం చీలి, రక్తస్రావంతో మరణించింది. ఆ పిల్లకు పదేళ్ళు దాటాయి కనుక అత్యాచార నేరం మోపే వీలు చట్టంలో లేకపోయింది. తీవ్రమైన గాయం కలిగించాడన్న చిన్న నేరం కింద అతనికి ఏడాది కఠిన శిక్ష పడింది. అంతే.

ఆ మరణం తరువాత దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. వాటిలో మా వృత్తివారు మంచి పనే చేశారని చెప్పాలి. భారతదేశంలో పనిచేస్తున్న మహిళా వైద్యులు తాము స్వయంగా చికిత్స చేసిన బాలభార్యల గాయాలను, పక్షవాతాలను, మరణాలను పట్టికగా రాసి వైస్రాయికి వినతిపత్రం సమర్పించారు. 1891 జనవరిలో సర్ ఆండ్రూ స్కోబుల్ ప్రవేశపెట్టిన బిల్లు అదే ఏడాది మార్చి 19న చట్టమైంది. సమ్మతి వయస్సు పది నుండి పన్నెండుకు పెరిగింది. పెరిగినది రెండేళ్ళే! ఆ రెండేళ్ళ కోసం కలకత్తా మైదానంలో వేలాదిమంది సభలు జరిపి నిరసించారు. తొలి రజస్సు కాగానే గర్భాదానం జరపకపోతే ధర్మం చెడుతుందన్నారు కొందరు. సంస్కరణ మనలో మనం చేసుకోవాలి గాని పరాయి ప్రభుత్వం జోక్యం తగదన్నారు బాలగంగాధర తిలక్. మరోవైపు బెహ్రాంజీ మలబారీ, మహాదేవ గోవింద రానడే, ఆర్.జి. భండార్కర్ వంటివారు బిల్లును సమర్థించారు. భండార్కర్ శాస్త్రాలనే ఆధారంగా చూపి వాదించారు.

పాఠకులు ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. దాని పేరే ‘సమ్మతి వయస్సు’ చట్టం. కానీ సమర్థకులు గాని, వ్యతిరేకులు గాని బాలిక సమ్మతి గురించి దాదాపు మాట్లాడలేదు. ఆమె దేహం ఎప్పుడు సిద్ధమవుతుంది అన్నదే వారి తగువు. ఒకరు శాస్త్రం తెరిచారు. మరొకరు వైద్యగ్రంథం తెరిచారు. రజస్వల అయిన పిల్లను మన తెలుగులో ‘పెద్దమనిషి అయింది’ అంటాము. ఆ మాటను ఎప్పుడైనా ఆలోచించి చూశారా? ఒక్క రోజు రక్తస్రావంతో ఆమె దేహం పెద్దమనిషి అవుతున్నది. ఆమె మాట మాత్రం చిన్నపిల్ల మాటగానే ఉండిపోతున్నది.

మన ఇంటి లెక్కలు

ఇదంతా బెంగాలు సంగతి అనుకోవద్దు. ఆ రోజుల్లోనే విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పీఠికలో ఆ లెక్కలు ఇచ్చారు. మొత్తం 1034 వివాహాలు. వధువులలో 99 మంది ఐదేళ్ళవారు, 44 మంది నాలుగేళ్ళవారు, 36 మంది మూడేళ్ళవారు, ఆరుగురు రెండేళ్ళవారు, ముగ్గురు ఏడాది పిల్లలు. ఆ ఏడాది పిల్లల ధర మూడు వందల యాభై నుండి నాలుగు వందల రూపాయలు.

మనం ఆ నాటకాన్ని చూసి తరతరాలుగా నవ్వుతున్నాము. నవ్వవలసినదే. కానీ ఆ నవ్వు అడుగున ఉన్న లెక్క ఇది. అమ్మకం తండ్రికి, ముసలి వరుడికి మధ్య జరుగుతుంది. సుబ్బిని అడిగేవారెవ్వరూ ఉండరు. ఊయలలోని పిల్ల సమ్మతి ఇవ్వలేదని తెలియడానికి వైద్యుడు అక్కరలేదు. అయినా ఆ వివాహాలు చెల్లినవే. పెళ్ళి ఎలాగూ చెల్లింది గనుక, ఆ పైన జరిగేదంతా సమ్మతితో జరిగినట్టే లెక్క.

‘జైలుకే పోతాను’ అన్న ఆడపిల్ల

ఫుల్మణి కన్నా కొన్నేళ్ళ ముందు బొంబాయిలో ఒక స్త్రీ ‘నాకు సమ్మతి లేదు’ అని కోర్టులోనే చెప్పింది. ఆమె రుఖ్మాబాయి. 1864లో పుట్టింది. పదకొండవ ఏట దాదాజీ భికాజీతో వివాహమైంది. ఆమె కాపురానికి వెళ్ళలేదు. సవతి తండ్రి డాక్టర్ సఖారాం అర్జున్ ఇంట్లోనే ఉండి చదువుకున్నది. 1884లో భర్త దాంపత్య హక్కుల కోసం దావా వేశాడు. ఊహ తెలియని వయస్సులో జరిగిన పెళ్ళికి తాను కట్టుబడి ఉండనన్నది ఆమె వాదన.

1885లో న్యాయమూర్తి పిన్హే ఆమె పక్షాన తీర్పు చెప్పారు. ఇష్టం లేని స్త్రీని బలవంతంగా ఒక పురుషుడి దగ్గరకు పంపడం క్రూరత్వమని అన్నారు. అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు. 1887 మార్చిలో న్యాయమూర్తి ఫారన్, భర్త వద్దకు వెళ్ళాలి, లేదా ఆరు నెలలు జైలులో ఉండాలి అని ఆదేశించారు. జైలుకే వెళతానన్నది రుఖ్మాబాయి. విచిత్రమేమిటంటే ఇటువంటి ఉత్తర్వును పాటించని వారిని జైలుకు పంపే పద్ధతిని ఇంగ్లండు తన గడ్డమీద 1884లోనే రద్దు చేసుకున్నది! చివరకు 1888లో రెండు వేల రూపాయలకు రాజీ కుదిరి దాదాజీ తన హక్కును వదులుకున్నాడు.

ఆ తరువాత ఆమె లండను వెళ్ళి మహిళల వైద్య కళాశాలలో చదివి డాక్టరై తిరిగి వచ్చింది. సూరత్‌లోను, రాజ్‌కోట్‌లోను దశాబ్దాల పాటు స్త్రీలకు వైద్యం చేసింది. 1955లో కన్నుమూసింది. ఒక స్త్రీ ‘వద్దు’ అన్న మాటకు విలువ ఏమిటో మా వృత్తిలో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలిసి ఉండదు. నా విద్యార్థి దశలో ఆమె పేరు మాకు ఏ ఆచార్యుడూ చెప్పలేదు.

పాఠ్యగ్రంథంలో రెండు వేళ్ళు

మాకు చెప్పినది వేరు. భారతదేశంలో న్యాయవైద్య శాస్త్రం అనగానే జైసింగ్ మోదీ గ్రంథం గుర్తుకు వస్తుంది. 1920లో మొదట వెలువడి ఎన్నో ముద్రణలు పొందింది. తరాల వైద్యులు, న్యాయవాదులు దానినే చదివారు. మా కాలపు న్యాయవైద్య పాఠాలలో అత్యాచార అధ్యాయమంతటా ఒక అనుమానం పరుచుకొని ఉండేది. ఫిర్యాదు చేసే స్త్రీ అబద్ధమాడుతూ ఉండవచ్చు, జాగ్రత్త! బలమున్న స్త్రీ అయితే పెనుగులాడి ఉండాలి, పెనుగులాడితే గాయాలుండాలి. కన్నెపొర ఎలా ఉన్నది, ఎన్ని వేళ్ళు ప్రవేశిస్తున్నవి అన్నది రాయాలి.

పరీక్ష హాలులో ఇవన్నీ గడగడా అప్పజెప్పిన వాళ్ళమే మేము. ఆ ప్రశ్నకు, నేరానికి సంబంధమేమిటని ఒక్కరమూ అడగలేదు. రాత్రి ఇంట్లో దొంగతనం జరిగిందని ఒకడు వస్తే, ‘ఇదివరకు నువ్వు ఎవరికైనా డబ్బు ఇచ్చావా?’ అని అడుగుతామా? ఇచ్చే అలవాటున్నవాడు గనుక ఇది దొంగతనం కాదని తేలుస్తామా? స్త్రీ విషయంలో మాత్రం సరిగ్గా ఈ తర్కమే నడిచింది. ఒకసారి ఎవరికో ఇష్టపడినదైతే ఇప్పుడూ ఇష్టపడే ఉంటుంది అన్నారు. ఆమె కోరికనే ఆమెకు వ్యతిరేక సాక్ష్యం చేశారు.

దేశాయిగంజ్, నల్లకుంట

ఈ తర్కం ఎంత దూరం పోయిందో మథుర కేసు చూపుతుంది. 1972 మార్చి 26 రాత్రి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీసు స్టేషను. పదహారేళ్ళలోపు వయసున్న, దిక్కులేని ఆదివాసీ బాలిక. తాను ఇష్టపడిన యువకుడితో వెళ్ళిందని ఆమె అన్నే ఫిర్యాదు చేస్తే స్టేషనుకు పిలిపించారు. అందరినీ పంపివేసి ఆమెను మాత్రం ఉండమన్నారు. ఒక కానిస్టేబులు అత్యాచారం చేశాడని, తాగి ఉన్న హెడ్ కానిస్టేబులు అసభ్యంగా ప్రవర్తించాడని ఆరోపణ.

సెషన్స్ కోర్టు ఇద్దరినీ విడిచిపెట్టింది. ఆమె సంభోగానికి అలవాటు పడినదని వైద్య నివేదికలో ఉన్నది. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 1976లో ఆ తీర్పును తిరగవేసి ఇద్దరికీ శిక్ష విధించింది. భయంతో లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అని హైకోర్టు స్పష్టంగా చెప్పింది. తెలుగువారికి ఈ భేదం సులువుగానే తెలియాలి. ‘లొంగింది’ అనే మాటనూ, ‘ఒప్పుకుంది’ అనే మాటనూ మనం ఒకే అర్థంలో వాడము. కానీ 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ వారిని నిర్దోషులన్నది. ఒంటిమీద గాయాలు లేవు, కేకలు వేసినట్టు నమ్మడానికి లేదు, కనుక అది నిరాటంకంగా జరిగిన వ్యవహారమేనని భావించింది. రాత్రివేళ, తలుపులు మూసిన పోలీసు స్టేషనులో, ఖాకీ దుస్తుల మనిషి ఎదుట ఒక అనాథ బాలిక కేకలు వేసి ఎవరిని పిలవాలి? పోలీసులనా?

అదే 1978 మార్చిలో మన హైదరాబాదులో రమీజాబీ ఉదంతం జరిగింది. సినిమా చూసి భర్తతో ఇంటికి వెళుతున్న స్త్రీని నల్లకుంట పోలీసు స్టేషనుకు తీసుకువెళ్ళారు. ఆమెపై అత్యాచారం జరిగింది. రిక్షా కార్మికుడైన భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకు మరణించాడు. నగరం భగ్గుమన్నది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ విధించారు. హైకోర్టు న్యాయమూర్తి ముక్తదర్ కమిషను విచారణ జరిపి పోలీసులదే తప్పని తేల్చింది. ఆ విచారణలో పోలీసు పక్షం తమ శక్తినంతా వెచ్చించినది ఒక్క విషయం మీద: ఆమె నడవడి మంచిది కాదని నిరూపించడం. ఆ రాత్రి స్టేషనులో ఏం జరిగిందన్న ప్రశ్న వెనక్కు పోయి, అంతకు ముందు ఆమె ఎలా బతికింది అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. తరువాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో పోలీసులు విడుదలయ్యారు.

నేను ఆ తాలూకా ఆసుపత్రిలో సర్టిఫికెట్ రాసినది ఈ సంఘటనల తరువాతనే. పత్రికలలో ఇవన్నీ చదివాను. అయినా ఆ కాగితం మీద నా చేయి పాత వాక్యమే రాసింది.

చట్టం మెల్లగా నేర్చుకున్న పాఠం

1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు మథుర తీర్పును ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. దాని ఫలితమే 1983 నాటి సవరణ. పోలీసులు, జైలు అధికారులు, ఆసుపత్రి సిబ్బంది తమ అదుపులో ఉన్న స్త్రీపై చేసే అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించారు. అటువంటి కేసులలో సంభోగం రుజువై, ‘నాకు సమ్మతి లేదు’ అని ఆమె చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. అధికారం ఉన్నచోట మౌనానికి అర్థం మారుతుందని చట్టం మొదటిసారి ఒప్పుకున్నది. బాధితురాలి పేరు వెల్లడించడాన్ని నిషేధించినదీ అప్పుడే.

ఫిర్యాదిదారు నడవడి మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని తోసిపుచ్చే వీలు మాత్రం సాక్ష్య చట్టంలో మరో ఇరవై ఏళ్ళు కొనసాగింది. 2002 సవరణతో గాని అది తొలగలేదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తరువాత జస్టిస్ వర్మ కమిటీ నెల రోజులలో నివేదిక ఇచ్చింది. 2013 సవరణ సమ్మతికి నిర్వచనం రాసింది: మాట ద్వారా గాని, సైగ ద్వారా గాని, మరే విధంగా గాని స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపిన అంగీకారమే సమ్మతి. పెనుగులాడకపోయినంత మాత్రాన సమ్మతి ఇచ్చినట్టు కాదు. ‘మౌనం అర్ధాంగీకారం’ అని మనం పెళ్ళిచూపుల్లో చిరునవ్వుతో చెప్పుకునే సామెతకు చట్టంలో చోటు లేదని దీని సారాంశం.

అదే ఏడాది సుప్రీంకోర్టు లిల్లూ కేసులో, రెండు వేళ్ళ పరీక్ష స్త్రీ గౌరవానికి, ఏకాంతానికి భంగకరమన్నది. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ కొత్త మార్గదర్శకాలు విడుదల చేసి ఆ పరీక్షను నిషేధించింది. అయినా అక్కడక్కడ సాగుతూనే ఉన్నది. 2022 అక్టోబరు 31న న్యాయమూర్తులు చంద్రచూడ్, హిమా కోహ్లీ ధర్మాసనం, ఇకమీదట ఆ పరీక్ష చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని తీర్పు చెప్పింది. జస్టిస్ కోహ్లీ అంతకు ముందు తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారని మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నేను ఆ తీర్పు వార్తను ఉదయం కాఫీ తాగుతూ చదివాను. దుష్ప్రవర్తన అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

వైద్యశాస్త్రం నిజంగా చెప్పేది

వైద్యుడిగా ఈ నాలుగు మాటలు స్పష్టంగా చెప్పడం నా బాధ్యత.

మొదటిది. కన్నెపొర అందరిలో ఒకే ఆకారంలో ఉండదు. అది సాగే కణజాలం. సంభోగం జరిగినా చిరగకపోవచ్చు. వేరే కారణాలతోనూ దాని ఆకారం మారవచ్చు. ఒక స్త్రీకి ఇదివరకు లైంగిక అనుభవం ఉన్నదో లేదో తేల్చగల శరీర పరీక్ష ప్రపంచంలో లేదు. ‘కన్యాత్వ పరీక్ష’కు శాస్త్రీయ ఆధారం లేదని, దానిని నిర్మూలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐక్యరాజ్యసమితి సంస్థలతో కలిసి ప్రకటించింది.

రెండవది. గాయం లేకపోవడం సమ్మతికి ఆధారం కాదు. తీవ్రమైన భయంలో మనిషి పోరాడవచ్చు, పారిపోవచ్చు, లేదా కొయ్యబారిపోవచ్చు. ఈ మూడవది ఆమె ఎంచుకునేది కాదు. నాడీమండలం తనంతట తాను చేసే పని. పామును చూసి కదలలేక నిలబడిపోయిన అనుభవం పల్లెలో పెరిగిన వారికి కొత్త కాదు. నిలబడిపోయినవాడు పామును ఆహ్వానించాడని ఎవరూ అనరు.

మూడవది. దేహం స్పందించినంత మాత్రాన మనస్సు ఒప్పుకున్నట్టు కాదు. మగపిల్లలపై జరిగే లైంగిక హింసలో కూడా ఈ అపోహ ఎందరినో జీవితాంతం కుంగదీస్తుంది. స్పందన ఒక శరీర ప్రక్రియ మాత్రమే. అందులో వారి తప్పేమీ లేదు.

నాల్గవది. సమ్మతి ఒకసారి ఇచ్చి దాచుకునే పత్రం కాదు. శస్త్రచికిత్సకు సంతకం చేసిన రోగి బల్ల మీదికి ఎక్కే ముందు వద్దంటే మేము కత్తి పట్టము. నిన్న ఇంజక్షనుకు ఒప్పుకున్నారు గనుక ఈరోజు అడగకుండా పొడవము. వైద్యంలో ఇంత సహజమైన నియమం పడకగదిలో ఎందుకు అంత కష్టమవుతున్నదో ఆలోచించవలసిన విషయం.

తీరని ప్రశ్నలు

చరిత్ర ఇక్కడితో సుఖాంతమైందని చెప్పలేను. భార్య విషయంలో 1860 నాటి మినహాయింపు ఇంకా బతికే ఉన్నది. వయస్సు మాత్రం పది నుండి పన్నెండు, పదమూడు, పదిహేను, చివరకు 2017 సుప్రీంకోర్టు తీర్పుతో పద్దెనిమిది అయింది. 2024 జూలై నుండి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలోనూ పద్దెనిమిది నిండిన భార్యకు ఆ రక్షణ లేదు. మినహాయింపును తొలగించాలన్న వర్మ కమిటీ సిఫారసును ప్రభుత్వం స్వీకరించలేదు. హేల్ పుట్టిన ఇంగ్లండే 1991లో ఆయన సూత్రాన్ని విడిచిపెట్టింది.

ఈ విషయంలో మన హైకోర్టు ఒకసారి దేశానికి దారి చూపింది. 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, భార్యను కాపురానికి పంపమని కోర్టు ఆదేశించడమంటే ఆమె దేహం మీద నిర్ణయాన్ని రాజ్యం చేతికి ఇవ్వడమేనని చెప్పి, హిందూ వివాహ చట్టంలోని ఆ సెక్షనును కొట్టివేశారు. రుఖ్మాబాయి అడిగిన ప్రశ్నకు వందేళ్ళకు దొరికిన జవాబు అది. మరుసటి ఏడాదే మరో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఆ సెక్షను నేటికీ చట్టంలో ఉన్నది.

ఇంకొక చిక్కు ఉన్నది. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలందరినీ రక్షిస్తుంది. అది అవసరమైన చట్టం. కానీ పదిహేడేళ్ళ అమ్మాయి తాను ఇష్టపడిన అబ్బాయితో వెళ్ళిపోతే, కులమో, పరువో అడ్డొచ్చిన తల్లిదండ్రులు దానినే ఆయుధంగా వాడడం న్యాయస్థానాలు పలుమార్లు ప్రస్తావించాయి. అక్కడ అమ్మాయి ‘అవును’ అన్న మాట ఎవరికీ వినబడదు. ఇంట్లో పెద్దవాడి మీద ఆమె చేసిన ఫిర్యాదూ వినబడదు. రెండు చోట్లా పెద్దలు వింటున్నది తమ పరువునే. దీనికి సులువైన పరిష్కారం నా దగ్గర లేదు. వయస్సు గీత ఎక్కడ గీసినా, గీతకు అటూ ఇటూ ఉన్న పిల్లల మాట వినే ఓపిక మనకు ఉండాలని మాత్రం చెప్పగలను.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో

అనుకోనిది జరిగినపుడు గుర్తుంచుకోవలసినవి చెబుతాను. లైంగిక హింసకు గురైనవారికి ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ‘ముందు పోలీసు కాగితం తెండి’ అని తిప్పి పంపడం నేరం. వీలైనంత త్వరగా వెళ్ళాలి. హెచ్ఐవి నివారణ మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి. గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా వెళితే సాక్ష్యం నిలుస్తుంది. చేసినా వెళ్ళడం మానవద్దు. పరీక్షకు ఆమె సమ్మతి తీసుకోవాలి. పరీక్షలో ఏ భాగానికైనా ఆమె వద్దనవచ్చు. వద్దన్నా చికిత్స ఆపకూడదు. మహిళలకు 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112 నంబర్లు ఉన్నాయి.

ఇక రెండవ సామెత. ‘ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా చిరిగేది ఆకే’ అని ఆడపిల్లలకు చెప్పి పెంచాము. చెప్పినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ముల్లుకు ఏమి నేర్పాలో ఆ సామెతలో లేదు. మగపిల్లలకు కూడా ఇంట్లోనే చెప్పాలి: అడగాలి, ‘వద్దు’ అంటే ఆగాలి, జవాబు రాకపోతే కూడా ఆగాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక వైద్య శిక్షణ కార్యక్రమంలో కొత్త పరీక్షా పత్రం నా చేతికి వచ్చింది. పేజీలు తిప్పాను. రెండు వేళ్ళ ప్రస్తావన అవసరం లేదని అందులో ఉన్నది. జరిగినదానిని బాధితురాలు చెప్పిన మాటల్లోనే రాయడానికి ఖాళీ స్థలం విడిచిపెట్టారు. ఆ ఖాళీని చూస్తూ కూర్చున్నాను. ఎవరిదో పేరు పిలిచినట్టయింది.

ఆ అమ్మాయికి ఇప్పుడు అరవై దాటి ఉంటుంది. ఆమె చెప్పినది రెండే మాటలు. ఆనాడు రాయనివి ఇక్కడ రాస్తున్నాను. “వద్దని చెప్పానండీ.”

సెలవు.